పెరట్లో పొట్టి క్యారెట్లు తియ్యగా పండించడం ఎలా?

మన బజారుల్లో దొరికే జానెడు పొడవు క్యారెట్లలో చాలా భాగం నీలగిరి కొండల నుంచో, కర్ణాటకలోని కోలారు, మాలూరు ప్రాంతాల నుంచో, హైదరాబాదు వారికైతే చేవెళ్ల, శంకర్‌పల్లి పొలాల నుంచో వస్తాయి. అక్కడి నేల లోతు గానీ, ట్రాక్టరు పెట్టి దున్నిన దుక్కి గానీ మన పెరటి మడికి, మిద్దె మీది కుండీకి ఉండవు. అందువల్ల ఇంట్లో క్యారెట్ వేయాలనుకునేవారు ముందుగా తేల్చుకోవలసింది పొడవు సంగతి. ఆరంగుళాల లోపే ఆగిపోయే పొట్టి రకాన్ని ఎంచుకుంటే లోతైన మట్టి అవసరం తప్పుతుంది, గడ్డ వంకర్లు పోవడం తగ్గుతుంది, మన మైదానాల్లో మూడు నెలలకు మించని చలికాలం ముగిసేలోపే పంట చేతికి వస్తుంది. ఇక తీపి విషయానికి వస్తే, అది ఎరువుతో వచ్చేది కాదు. రకం, చల్లని రాత్రులు, తప్పకుండా అందే తడి, ఈ మూడూ కుదిరితేనే వస్తుంది.

రకాన్ని ఎంచుకోవడం

విత్తనాల దుకాణంలో "క్యారెట్" అని మాత్రమే రాసి ఉన్న పొట్లాన్ని తీసుకోకండి. రకం పేరు, ప్యాకింగ్ తేదీ రెండూ ఉన్నదాన్నే కొనండి. క్యారెట్ విత్తనం మూడేళ్ల వరకు బతికి ఉన్నా ఏటేటా మొలక శాతం పడిపోతుంది కనుక ఆ ఏడాది విత్తనమే మేలు.

పొట్టి రకాల్లో ముందుగా చెప్పుకోవలసినది చాంటెనీ. భుజం దగ్గర లావుగా ఉండి కిందికి వచ్చేసరికి మొద్దుగా ముగిసే ఈ గడ్డ ఐదారు అంగుళాలు దాటదు, కాస్త బరువైన మట్టిలో కూడా నెట్టుకుని దిగుతుంది. నాంటిస్ రకం కూడా ఆరంగుళాలే ఉంటుంది గానీ పైనుంచి కింది దాకా ఒకే లావుతో కోలగా పెరుగుతుంది. నడిమి ఈనె సన్నగా ఉండటం వల్ల నమలడానికి మెత్తగా, తియ్యగా ఉంటుంది. అయితే ఎండ వేడిని ఓర్చుకోదు, గట్టి మట్టిని అసలే ఓర్చుకోదు. జపాను నుంచి వచ్చిన కురోడా రకం వేడిని వీటికంటే బాగా తట్టుకుంటుంది, కోస్తాలో ఉండేవారికి నేను మొదట చెప్పేది దాని పేరే. బెంగళూరు భారత ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్కా సూరజ్ కూడా వెచ్చటి వాతావరణానికి తగినదే. కుండీ లోతు మరీ తక్కువైతే పారిస్ మార్కెట్ అనే గుండ్రని రకం ఉంది. గోలీకి నిమ్మకాయకి నడుమ ఉండే ఆ గడ్డలకు ఆరంగుళాల మట్టి చాలు. పూసా కేసర్, పూసా రుధిర వంటి ఎర్ర రకాలు ఉత్తరాది హల్వాకు పేరుపడ్డవే అయినా అవి పొడవాటివి, లోతైన నేలను కోరుకునేవి కాబట్టి ఇక్కడ వాటిని పక్కన పెడదాం.

అమెరికాలో ఉండే మనవాళ్లు సంచుల్లో కొనుక్కునే "బేబీ క్యారెట్లు" చాలావరకు పొట్టి రకాలు కావు. పొడవాటి క్యారెట్లను ముక్కలుగా కోసి, యంత్రంతో చెక్కు తీసి నునుపు చేసినవవి. 1986లో కాలిఫోర్నియాకు చెందిన మైక్ యురోసెక్ అనే రైతు, వంకరగా ఉన్నాయని పారబోయవలసి వచ్చిన గడ్డలను అలా దారికి తెచ్చాడు. ఆ ఆకారం కావాలని విత్తనం కోసం వెతకడం దండగ.

ఎప్పుడు విత్తాలి

క్యారెట్ చలిపంట. గడ్డకు మంచి రంగు, రుచి పట్టడానికి 15 నుంచి 20 డిగ్రీల వాతావరణం బాగా అనుకూలిస్తుంది. పగటి వేడి 30 డిగ్రీలు దాటి అలాగే కొనసాగితే ఆకు బాగానే ఉన్నా గడ్డ పాలిపోయి, ఘాటెక్కి, పీచు కడుతుంది. కనుక విత్తే తేదీని కాదు, గడ్డ ఊరే ఆఖరి నెలను లెక్కలోకి తీసుకోవాలి. ఆ నెల డిసెంబరు, జనవరి, ఫిబ్రవరిల్లో పడేటట్టు వెనక్కి లెక్కించి విత్తుకోవాలి.

తెలంగాణలో, రాయలసీమలో దసరా దాటిన దగ్గర నుంచి నవంబరు నెలాఖరు వరకు మంచి అదను. కోస్తా జిల్లాల్లో అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు చిన్న మొలకలను తుడిచిపెట్టేస్తాయి కాబట్టి నవంబరు సగం గడిచాక మొదలుపెట్టి డిసెంబరు సగానికి ముగించడం క్షేమం. అరకు, చింతపల్లి వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో ఉండేవారికి అంత తొందర అక్కర్లేదు. మొత్తం విత్తనాన్ని ఒకే రోజు చల్లేయకుండా రెండు వారాల తేడాతో రెండు మూడు దఫాలుగా విత్తుకుంటే ఇంటికి సరిపడా గడ్డలు నెల పైగా అందుతూనే ఉంటాయి.

మట్టిని సిద్ధం చేయడం

మొలక తలెత్తిన కొద్ది రోజుల్లోనే తల్లివేరు సన్నని దారంలా కిందికి దిగిపోతుంది. తరువాతి వారాల్లో లావెక్కి గడ్డగా మారేది ఆ దారమే. అది దిగే దారిలో రాయి, పెంకు, గట్టి పెల్ల ఏది తగిలినా కొన దెబ్బతిని పక్కలకు రెండుగా మూడుగా చీలుతుంది. అందుకే క్యారెట్ నారు పోసి నాటే పంట కాదు. నారు పీకినప్పుడు వేరు కొన తెగక మానదు. విత్తిన చోటే పెరగాలి.

నేల మీద మడి కడుతున్నట్లయితే ముందు పలుగుతో జానెడుకు తగ్గకుండా తవ్వి, పెల్లలు చిదిపి, రాళ్లు ఏరి, పై ఆరంగుళాల మట్టిని వీలైతే ఇసుక జల్లెడతో జల్లించండి. ఎర్ర చెలక నేలకు ఇసుక, ఎరువు కలిపితే సరిపోతుంది. నల్లరేగడి మాత్రం ఆరితే నెర్రెలు తీసి బిగుసుకుంటుంది, తడిస్తే జిగురవుతుంది. దానితో పెనుగులాడటం కంటే దాని మీదే ఇటుకలో చెక్కలో అడ్డుపెట్టి తొమ్మిది అంగుళాల ఎత్తున వేరే మట్టి మిశ్రమం పోసుకోవడం తేలిక. కుండీలకు, గ్రో బ్యాగులకు కూడా అదే మిశ్రమం పనికొస్తుంది: రెండు పాళ్లు జల్లించిన ఎర్రమట్టి, ఒక పాలు ఏటి ఇసుక, ఒక పాలు కడిగిన కొబ్బరి పొట్టు, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది కనుక రెండు మూడు నీళ్లలో కడిగి పిండి వాడండి. ఇళ్లు కట్టే చోట దొరికే రోబో ఇసుక దీనికి వద్దు. రాతిని దంచి తీసిన ఆ ఇసుకలోని సన్నని పొడి నీరు తగిలాక బిగిసిపోతుంది.

ఎరువు విషయంలో గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది. పచ్చి పేడ, సగం మాగిన ఎరువు క్యారెట్ మడిలో వేయకూడదు. వాటిలోని నత్రజని వల్ల ఆకు విపరీతంగా పెరిగి, గడ్డ చీలి, ఒళ్లంతా వెంట్రుకల్లాంటి పిల్లవేళ్లు పుడతాయి. చేతిలో నలిపితే పేడ వాసన రాకుండా, పొడిపొడిగా రాలే ఎరువే వాడాలి. వేరుశనగ పిండి, యూరియా వంటివి ఈ పంటకు దూరంగా ఉంచండి.

మట్టి సిద్ధమైందో లేదో తెలుసుకోవాలంటే మడిని తడిపి, మర్నాడు చూపుడు వేలిని నిటారుగా గుచ్చి చూడండి. పెద్దగా బలం పెట్టకుండా వేలంతా దిగితే విత్తుకోవచ్చు. మధ్యలో ఆగిందంటే అక్కడే గడ్డ కూడా ఆగుతుంది.

విత్తడం, మొలక వచ్చేదాకా కాపాడటం

ఇంట్లో వేసిన క్యారెట్ విఫలమైందంటే పదింట తొమ్మిది సందర్భాల్లో కారణం ఈ దశలోనే ఉంటుంది. మనవాళ్లకు మెంతి, తోటకూర, ముల్లంగి అలవాటు. మూడు నాలుగు రోజుల్లో పచ్చగా కనిపించకపోతే విత్తనం పుచ్చిపోయిందని మడి తిరగేస్తారు. క్యారెట్ మొలవడానికి తక్కువలో తక్కువ ఏడు రోజులు, చలి ఎక్కువగా ఉంటే మూడు వారాలు పడుతుంది. ఆ రోజులన్నింటిలోనూ మట్టి పై పొర ఒక్క పూట కూడా ఎండకూడదు.

విత్తనాన్ని అరచేతిలో వేసుకుని చూస్తే ఇంత జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. జీలకర్ర గింజను చిన్నది చేసినట్టు, నిలువు గీతలతో, తేలిగ్గా, ఊపిరి తగిలితే ఎగిరిపోయేట్టు ఉంటుంది. గ్రాముకు ఎనిమిది వందల గింజల దాకా తూగుతాయి. అంత చిన్న గింజలో దాచుకున్న తిండి కూడా అంతే కొద్దిది కనుక లోతులో పడితే పైకి రాలేదు, పైపైన పడితే ఎండకు మాడిపోతుంది. ధనియాలు, వాము, సోంపు కుటుంబానికే చెందినది కాబట్టి ఆ గింజల్లాగే నిదానంగా మేలుకుంటుంది. విత్తే ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, వడగట్టి, నీడన గుడ్డ మీద ఆరబెట్టుకుంటే మొలక రెండు మూడు రోజులు ముందే రావచ్చు. పొట్లంలోని గింజలకు గులాబీ లేదా నీలం రంగు అంటి ఉంటే అవి మందు పట్టించినవని అర్థం. వాటిని నానబెట్టకండి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

ముందు రోజు సాయంత్రం మడిని బాగా తడిపి ఉంచండి. మర్నాడు పుల్లతో జానెడుకు కొంచెం తక్కువ ఎడంతో, అంటే ఆరంగుళాలకు ఒకటి చొప్పున, సెంటీమీటరు లోతు సాళ్లు గీయండి. గింజలను గుప్పెడు పొడి ఇసుకతో కలిపి, బొటనవేలు, చూపుడు వేలు నడుమ ముగ్గు వేసినట్టు సన్నగా వదులుతూ పోండి. ఇసుక కలపడం వల్ల గింజలు ఒకేచోట కుప్పగా పడవు. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న మడికి గ్రాము విత్తనం కూడా పూర్తిగా పట్టదు. ప్రతి సాలులో జానెడుకొకటి చొప్పున ముల్లంగి గింజలు కూడా వేసుకోవడం పాత పద్ధతే అయినా మంచి పద్ధతి. అవి నాలుగో రోజుకే మొలిచి సాలు ఎక్కడుందో చూపిస్తాయి, పై పెచ్చును పగలగొట్టి క్యారెట్ మొలకకు దారి ఇస్తాయి, గడ్డలు ముదరకముందే పీకేస్తే క్యారెట్లకు అడ్డం కూడా రావు.

సాళ్లను మట్టితో కప్పకండి. మట్టి తడిసి ఆరితే పైన అట్టకట్టి, దారమంత మొలక దాన్ని ఛేదించలేక లోపలే చచ్చిపోతుంది. కొబ్బరి పొట్టు, ఇసుక సమంగా కలిపి అర సెంటీమీటరు మందాన చల్లి, చెక్కతో మెల్లగా అదమండి. తరువాత సన్నని చిల్లుల రోజ్ క్యానుతో నీళ్లు చిలకరించి, తడిపి పిండిన గోనె సంచిని మడి మీద పరచండి. ఉదయం, సాయంత్రం ఆ సంచిని తడిపితే చాలు, కింద తేమ నిలిచి ఉంటుంది. పైపుతో నీళ్లు కొట్టారంటే గింజలన్నీ మడి ఒక మూలకు కొట్టుకుపోతాయి.

ఆరో రోజు నుంచి సంచి అంచు ఎత్తి రోజూ చూడాలి. మొదట కనిపించేవి గడ్డిపోచల్లాంటి రెండు సన్నని ఆకులు మాత్రమే. అలవాటు లేని కన్ను వాటిని కలుపు అనుకుంటుంది. సాలు వెంబడి అక్కడక్కడా అవి కనిపించిన రోజు సాయంత్రమే సంచి తీసేయండి. ఒకటి రెండు రోజులు బద్ధకించినా తెల్లగా సాగిన మొలకలు గోనె కన్నాల్లోంచి పైకి దూరి, సంచి ఎత్తినప్పుడు తలలు తెగిపోతాయి. సంచి తీశాక వారం రోజులు మధ్యాహ్నపు ఎండ నేరుగా పడకుండా పలచటి నీడ కల్పించి, చిలకరింపు కొనసాగించండి. చీమలు గింజలు మోసుకుపోతున్నాయేమో కూడా గమనించి, మడి చుట్టూ పొడి బూడిదతో గీత గీసి, అది తడిసినప్పుడల్లా మళ్లీ వేయండి.

ఒత్తు మొక్కలు తీయడం

కష్టపడి మొలిపించిన మొక్కలను తీసేయడానికి చాలామందికి చేతులు రావు. కానీ తీయకపోతే గుత్తిగా పెరిగిన మొక్కలు ఒకదానికొకటి పెనవేసుకుని, దేనికీ గడ్డ ఊరదు. మొదటి రెండాకుల తరువాత ఈకలా చీలికలున్న అసలు ఆకు విచ్చుకోగానే, రెండు మొక్కల మధ్య మూడు సెంటీమీటర్ల ఎడం ఉండేట్టు మిగతావి తీసేయాలి. మరో మూడు వారాలకు ఆ ఎడాన్ని ఐదారు సెంటీమీటర్లకు పెంచాలి. అడుగు వెడల్పున్న గ్రో బ్యాగులో చివరకు పదిహేను మొక్కలకు మించి ఉంచకండి.

పీకడం కంటే చిన్న కత్తెరతో మట్టి మట్టానికి కత్తిరించడం మంచిది, ఎందుకంటే పీకితే పక్క మొక్క వేరు కూడా కదులుతుంది. రెండోసారి తీసినవాటికి పుల్లంత గడ్డ ఉంటే పిల్లలు అక్కడే తినేస్తారు, లేత ఆకును కొత్తిమీరతో కలిపి పచ్చడి చేసుకోవచ్చు. తీసిన వెంటనే నీళ్లిచ్చి మట్టిని కుదురుకోనివ్వండి.

నీరు, కలుపు, మట్టి ఎగదోయడం

మొదటి ఆరు వారాలు క్యారెట్ చాలా నెమ్మదిగా పెరుగుతుంది; ఆలోగా గంగవాయిలి, తుంగ, గరిక దాన్ని ముంచేస్తాయి. కలుపును చేత్తోనే, చిన్నగా ఉన్నప్పుడే తీయాలి. కొడవలి మొన పెట్టి పెళ్లగిస్తే గడ్డకు గాయమవుతుంది.

మొక్కలు నిలదొక్కుకున్నాక రోజూ పైపైన చిలకరించడం మానేసి, నేల మడికి రెండు మూడు రోజులకోసారి, కుండీలకు రోజు విడిచి రోజు లోతుగా తడి దిగేట్టు పోయండి. పైన తడి ఉంటే వేరు పైనే తిరుగుతుంది, కింద తడి ఉంటే కిందికి దిగుతుంది. వారం రోజులు మరిచిపోయి ఒకేసారి ముంచెత్తడం అన్నింటికంటే చెడ్డది. ఎండకు బిగిసిన గడ్డ లోపల ఒక్కసారిగా ఉబ్బి నిలువునా పగులుతుంది, పగిలిన చోట కుళ్లు మొదలవుతుంది. నెల దాటాక సాళ్ల మధ్య పలుచగా వర్మీ కంపోస్టు, నెలన్నరకు గుప్పెడు కట్టెల బూడిద వేసి కలిపితే చాలు. బూడిదలోని పొటాష్ గడ్డకు మంచిదే గానీ క్షారగుణం ఎక్కువ కనుక చెయ్యి బిగపట్టి వాడాలి.

గడ్డ లావెక్కుతున్నప్పుడు దాని భుజం మట్టిలోంచి పైకి తేలుతుంది. ఎండ తగిలితే ఆ భాగం పచ్చబడి చేదెక్కుతుంది. భుజం కనిపించిన ప్రతిసారీ పక్కనున్న మట్టిని వేళ్లతో ఎగదోసి కప్పండి. ఈ చిన్న పని మానేసినవారే తమ క్యారెట్ పై అంగుళం చేదుగా ఉందని విత్తనాన్ని తిడుతుంటారు.

ఎప్పుడు తవ్వాలి

చిన్నగా ఉన్నప్పుడే తీస్తే ఎక్కువ తియ్యగా ఉంటుందన్న నమ్మకం సగమే నిజం. లేత గడ్డ మెత్తగా ఉంటుంది, కానీ చక్కెర, నారింజ రంగు నిండుగా పట్టేది ఆఖరి వారాల్లోనే. మరోవైపు వేళ మించితే నడిమి ఈనె కర్రలా మారుతుంది. పొట్టి రకాలు సాధారణంగా 70 నుంచి 90 రోజుల్లో సిద్ధమవుతాయి. రోజుల లెక్క కంటే గడ్డను చూడటం నయం: మట్టిని వేలితో పక్కకు తీస్తే భుజం బొటనవేలంత లావు ఉండాలి. ఒకదాన్ని పీకి కొన చూడండి. నాంటిస్, చాంటెనీ రకాల్లో కొన ఇంకా సూదిగా ఉంటే గడ్డ నిండలేదని, మొద్దుగా గుండ్రంగా తిరిగితే నిండిందని గుర్తు. ఆఖరి పది రోజులు నీరు కొంచెం తగ్గించండి, అయితే ఎండబెట్టకండి. మొక్క దాహంతో అలమటిస్తే తీపికి బదులు ఘాటు పెరుగుతుంది.

తీసే ముందు రోజు మడిని తడిపి, ఉదయాన్నే ఆకుల మొదలును భుజం దగ్గర పట్టుకుని కొంచెం తిప్పి లాగండి. తీసిన వెంటనే రెండు సెంటీమీటర్ల కాడ వదిలి ఆకు కోసేయాలి. ఆకు ఉన్నంతసేపు గడ్డలోని నీటిని లాగేస్తూ ఉంటుంది కాబట్టి సాయంత్రానికే గడ్డ వాడుతుంది. కడగకుండా మట్టి దులిపి, తడి గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు వారాలు గట్టిగా ఉంటాయి. అరటిపండ్లు, యాపిళ్ల పక్కన మాత్రం పెట్టకండి; మాగే పండ్ల నుంచి వెలువడే ఇథిలీన్ వాయువు క్యారెట్‌లో చేదు పదార్థాన్ని పుట్టిస్తుంది. తియ్యని గడ్డ వారం తిరక్కుండా చేదెక్కడానికి చాలా ఇళ్లలో కారణం ఇదే.

గడ్డలు తీసేటప్పుడు పిల్లవేళ్ల మీద పూసల్లాంటి బుడిపెలు కనిపిస్తే ఆ మట్టిలో నులిపురుగులు, అంటే వేళ్లలోకి దూరే కంటికి కనిపించని సన్నని పురుగులు (నెమటోడ్లు) ఉన్నట్టు. ఆ మడిలో మరుసటి సీజనుకు క్యారెట్, టమాటా, వంగ, బెండ వేయకండి. ఏప్రిల్, మే నెలల్లో మడిని తడిపి, పారదర్శకమైన పాలిథీన్ షీటు కప్పి, అంచులు మట్టితో మూసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఎండలో వదిలేయండి. షీటు తీశాక చదరపు మీటరుకు 100 గ్రాముల వేప పిండి కలిపి, వానాకాలమంతా బంతి మొక్కలు పెంచండి. బుడిపెలు లేని మడిలో వేసవికి గోంగూర గానీ తోటకూర గానీ వేసుకోవచ్చు. కొత్తిమీర, సోంపుకూర మాత్రం క్యారెట్ చుట్టాలే కనుక వాటికి వేరే మడి చూడండి. చాంటెనీ, నాంటిస్ వంటి రకాలు పూతకు రావాలంటే వారాల తరబడి పది డిగ్రీల లోపు చలి కావాలి, మన మైదానాల్లో అది దొరకదు. కాబట్టి విత్తనం కట్టుకుందామని గడ్డలను మడిలో వదిలేయకుండా మార్చి ఎండలు ముదిరేలోపు మొత్తం తీసేయండి.